క్లచ్ కేబుల్ కోసం వచ్చిన జ్వరం

నా చిన్నప్పుడు మా గల్లీలో పుట్టిన ఒక అబద్ధం ఇప్పటికీ బతికే ఉంది. దాన్ని చెప్పిన మనిషి ఈ మధ్యనే పోయింది. ఆమె ఎవరి కోసం చెప్పిందో ఆ మనిషి, మా బాపు, అంతకు ముందే పోయాడు. ఆ సంగతి మొదటి నుంచి చివరిదాకా తెలిసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే మిగిలాను. పని చేస్తేనే అలసట వస్తుందని అనుకునేవాణ్ణి. చెప్పాల్సిన మాటను చెప్పకుండా ఇన్నేళ్లు లాక్కురావడంలో కూడా మనిషి అలసిపోతాడు. అందుకే రాస్తున్నాను.

మాది ఆర్మూర్. మా బాపుకు ఒక పాత వ్యాను ఉండేది. పసుపు తవ్వే రోజుల్లో తెల్లవారక ముందే కూలి ఆడవాళ్లను నందిపేట్ వైపు ఊళ్లకు తీసుకుపోయి, పొద్దుగూకేసరికి తెచ్చి గల్లీలో దింపేవాడు. మిగతా రోజుల్లో పెళ్లిళ్లకూ దవాఖానకూ తిప్పినా, మా ఇంటికి ఏడాది గింజలు తెచ్చిపెట్టేది మాత్రం ఆ రెండు మూడు నెలల పనే.

ఆ కూలి గుంపుకు పెద్ద మా పక్కింటి పెద్దమ్మ. నాకు సొంత పెద్దమ్మ కాదు. వాళ్లు ఆదివారం చర్చికి పోయేవాళ్లు, మేము శనివారం హనుమంతునికి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. కానీ మా అమ్మ ఆమెను అక్కా అని పిలిచేది, కాబట్టి నాకు పెద్దమ్మ. ఆసామి ఎవరైనా సరే, పని గురించి మాట్లాడితే ఆమెతోనే మాట్లాడాలి. చేనులో ఎవరు ఏ సాలు పట్టాలో ఆమే చెప్పాలి. ఒక సాలులో మన్ను వదులుగా ఉండి గడ్డలు చేతికి వస్తాయి. ఇంకో సాలులో మన్ను రాయిలా ఉండి గోళ్లు ఊడతాయి. వాటిని తగవు రాకుండా పంచడం ఆమెకు తెలుసు. అందుకే ఆమె రాని రోజు గుంపు కదలదు. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. ఏ బండి ఎక్కాలో చెప్పేది కూడా ఆమే.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లు అయి ఉంటుంది. నేను ఏడో తరగతిలో ఉన్నాను. సరిగ్గా పసుపు తవ్వకాలు జోరుగా సాగుతున్నప్పుడు వ్యాను గేర్‌బాక్స్ పోయింది. కొత్తది కొనే తాహతు లేదు. మా బాపు నిజామాబాద్‌లో తుక్కుకు విప్పిన బండ్ల మధ్య వెతికి ఒక గేర్‌బాక్స్ పట్టుకొచ్చాడు. అది మా బండి లాంటి బండిదే గాని, మా బండి కంటే తర్వాత వచ్చిన రకం. మిస్త్రీ వచ్చి ఇద్దరూ కలిసి దాన్ని ఎక్కించారు, బోల్టులన్నీ కూర్చున్నాయి. కేబుల్ మాత్రం రేపు చూద్దామని చెప్పి, జక్రాన్‌పల్లి దగ్గర రోడ్డు మీద ఆగిపోయిన లారీ కోసం మిస్త్రీ వెళ్లిపోయాడు.

బండి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. క్లచ్ పెడల్ దగ్గర మొదలైన కేబుల్ బండి కిందుగా పోయి గేర్‌బాక్స్ పక్కనున్న ఒక ఇనుప చేతిని పట్టుకుంటుంది. కాలితో పెడల్ నొక్కితే కేబుల్ ఆ చేతిని లాగుతుంది, అప్పుడే గేరు పడుతుంది. కేబుల్ వదులుగా ఉంటే చేయి సగమే కదిలి గేరు పళ్లు కొరుకుతుంది. మరీ బిగువుగా ఉంటే, కాలు తీసినా కేబుల్ ఆ చేతిని లాగిపట్టే ఉంచుతుంది. అప్పుడు ఇంజన్ ఎంత అరిచినా చక్రానికి బలం అందదు, లోపల క్లచ్ ప్లేటు రాసుకుని మాడిపోతుంది. మా కొత్త గేర్‌బాక్స్‌కు ఆ చేయి వేరే వాలులో ఉంది. పాత కేబుల్ దానికి జానెడు పొడవైంది.

మా బాపు రేపటిదాకా ఆగలేకపోయాడు. అప్పటికే బండి ఆగిన రెండు రోజులు గుంపు బస్సెక్కి, దిగిన చోటి నుంచి నడిచి పనికి పోయింది. మూడో రోజు కూడా అలా పొమ్మంటే వినేలా లేరు. పెద్ద కొత్త జీపు ఉన్న మనిషి ఒకడు రోజూ సాయంత్రం మా గల్లీ మొదట్లో ఆపుకుని నిలబడేవాడు. "మీ వ్యాను బాగయ్యేదాక నా జీపుల పోదాం రాండ్రి అక్కా" అని పెద్దమ్మను అడుగుతుండేవాడు. ఒక్కరోజు ఆ జీపు ఎక్కితే ఇక మా వ్యాను వంక ఎవరూ చూడరని మా ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ రెండు రోజులుగా బియ్యం డబ్బా మూత తీసి చూసి మూస్తోంది.

అందుకని బాపు ఇనుప పైపు ముక్క కోసి, కేబుల్ చివర నట్టుకూ ఆ చేతికీ మధ్య అడ్డం పెట్టి, పొడవును మింగించాడు. వదులు చేస్తే గేరు పడలేదు. బిగించాడు. గేరు పడింది. బండి కింద నుంచి బయటికి వచ్చినప్పుడు ఆయన మొహం నిండా గ్రీజు, కండ్ల కింద నల్లటి చారలు. "అయిపోయింది" అన్నాడు. ఆ మాట అనాలని ఆయన ఎంత ఆత్రంగా ఎదురుచూశాడో నాకు అప్పుడు తెలియలేదు.

పెద్దమ్మ అప్పుడే చేను నుంచి వచ్చింది. కాళ్లకు ఎర్రమన్ను, చేతి గోళ్ల నిండా పసుపు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మనుషులను ఎక్కించి చూడమంది. మా బాపు గల్లీలో పిల్లలందరినీ ఎక్కించాడు. మాకు అది తిరునాళ్ల లాగా ఉంది. పెద్దమ్మ ముందు సీట్లో కూర్చుంది, నేను ఆమె పక్కన ఇరుక్కున్నాను. చదును రోడ్డు మీద బండి మంచిగానే పోయింది. గుట్ట వైపు ఎత్తు మొదలు కాగానే ఇంజన్ గట్టిగా అరిచింది గాని బండి నడక మందగించింది. కొంచెం పోయి ఆగినంత పని చేసింది. ఏదో కాలుతున్న వాసన లోపలంతా కమ్మింది. పిల్లలు కేకలు వేస్తూ దిగి తోయడానికి సిద్ధమయ్యారు.

"కొత్తగ బిగిచ్చిన గదక్కా, మొదట్ల గట్లనే వాసనొస్తది" అన్నాడు బాపు.

"తమ్మీ, పసుపు ఉడకబెట్టే కడాయిల కాడ పుట్టి పెరిగినదాన్ని. మాడు వాసన నాకు చెప్తవా?" అంది పెద్దమ్మ.

ఆమె గొంతు తగ్గించింది. "రేపు గీ బండిల గిందరు ఆడోళ్లను ఎక్కించుకొని పోతవా?"

"పోత."

"నడుమల ఆగితే?"

"ఆగదు."

"నా మొకం చూసి చెప్పు."

మా బాపు రోడ్డు వంకే చూశాడు. "ఒక్కదినం తప్పితే గా జీపోడు మందినంత ఎత్కపోతడక్కా" అన్నాడు. ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. పిల్లలకు ఇదంతా వినిపించలేదు. వాళ్లకు బండి ఆగడం కూడా ఆటే, వెనక నవ్వుతూ తోస్తున్నారు.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ లోపలికి పోయి, కొంచెం సేపట్లో నెత్తికి తువ్వాల బిగించుకుని, భుజాల మీద దుప్పటి కప్పుకుని గడపలోకి వచ్చి కూర్చుంది. రేపటి పని అడగడానికి గుంపు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. "నాకు మస్తు జరం వచ్చింది. రేపు నేను రాను" అంది. అంటూ మూలిగింది. ఆ మూలుగు చూసి నాకు నవ్వొచ్చింది. వెంటనే బాపు మొహం చూసి ఆపుకున్నాను. ఆయన వ్యాను చాటున నిలబడి ఉన్నాడు.

ఆడవాళ్లు గొణుక్కున్నారు. సీజన్లో ఒక దినం కూలి పోవడం వాళ్లకు చిన్న సంగతి కాదు. అందులో ఒకామె చిన్న పిల్ల తల్లి, ఆమె అందరికంటే ఎక్కువ విసుక్కుంది. "నువ్వు లేకుంటె మేం పోమా ఏంది? సాల్లు మేమే పంచుకుంటం" అంది. "పంచుకోండ్రి. గట్టి సాలు నువ్వు తీస్కుంటవా మరి?" అని దుప్పటి లోపల నుంచే అడిగింది పెద్దమ్మ. మిగతావాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి గుంపు ఆగింది. గల్లీ మొదట్లో జీపు కాసేపు నిలబడి, అడిగేవాళ్లు లేక వెళ్లిపోయింది.

తెల్లవారి మా బాపు సుతిలి తాడు తీసుకుని పెడల్ దగ్గర నుంచి గేర్‌బాక్స్ చేతిదాకా, కేబుల్ పోయే దారి వెంబడి పరిచాడు. వంపు దగ్గర వంపు ఇచ్చి, వేడి పైపుకు దూరంగా తిప్పి, రెండు చివర్లా ముడి వేశాడు. ఆ తాడూ పాత కేబులూ ఒక సంచిలో వేసి నాకు ఇచ్చాడు. మాడిన ప్లేటు తీసి వేరేది వేయడానికి ఆయన బండి దగ్గరే ఉండాలి. ఎవరు పోవాలి అనే మాట రాకముందే పెద్దమ్మ చెప్పులు వేసుకుంది. నాతో బడి ఎగ్గొట్టించింది. ఇద్దరం నిజామాబాద్ బస్సు ఎక్కాం.

ఆ ప్రయాణం నాకు చాలా బాగా గుర్తుంది. విడిభాగాల దుకాణాల వరుసలో ఒక ఆడమనిషి క్లచ్ కేబుల్ పట్టుకుని తిరగడం చూసి అందరూ నవ్వుకున్నారు. ఒక దుకాణంలో "ఏ బండిదమ్మా?" అని అడిగితే, "బండొకటి, గేర్‌బాక్స్ ఒకటి. ఇద్దరికి పడ్తలేదు. నడుమల నువ్వే జర పెద్దమనిషివై కలుపు" అంది. అతను నవ్వి, కుర్చీ వేసి, అటకెక్కి డబ్బాలన్నీ దింపాడు. తాడు పక్కన ఒక్కో కేబుల్ పరిచి చూశాడు. ఎక్కడో అడుగున, అదే రకం గేర్‌బాక్స్‌కు వచ్చే కేబుల్ ఒకటి దొరికింది. తాడు ముడికీ దాని చివరకూ సరిపోయింది. పెద్దమ్మ దాన్ని సంచిలో పెట్టి, నాకు ఒక గ్లాసు చెరుకు రసం తాగించింది. తాను తాగలేదు. జ్వరం వచ్చినదాన్ని చల్లటిది తాగొద్దు గదా అని కన్ను గీటింది.

ఆర్మూర్ బస్టాండులో దిగామో లేదో, ముందురోజు విసుక్కున్న ఆమె ఎదురైంది. చంకలో పిల్ల, చేతిలో ఖాళీ సంచి. పెద్దమ్మను కింద నుంచి మీదికి చూసింది.

"ఏందక్కా, జరం బస్సెక్కిందా?"

సంచి నా చేతిలోనే ఉంది. తెరిచి చూపిస్తే సరిపోయేది. నేను చేయి కదిపాను కూడా. పెద్దమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎక్కింది చెల్లె. నిజామాబాద్‌ల ఇడిసిపెట్టి వచ్చిన" అంది నవ్వుతూ.

"నీకేంది, నవ్వుతవ్. నా ఇంట్ల పొయ్యి మండలే ఇయ్యాల" అని ఆమె వెళ్లిపోయింది. పెద్దమ్మ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. పిలవబోయి, పిలవలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి మా పెద్దమ్మ సోలెడు బియ్యం పంపిందని, అవి గడప దగ్గర నుంచే తిరిగి వచ్చాయని మా అమ్మ ద్వారా తర్వాత విన్నాను.

ఇంటికి నడుస్తుంటే అడిగాను, ఎందుకు చెప్పనియ్యలేదని. నడక ఆపకుండానే చెప్పింది. "మీ బాపు నోటికి 'కాదు' అనే మాట రాదు బిడ్డా. రానోని తరపున ఎవరో ఒకరు అనాలె గద. గీ సీజన్ గడవనీ. బండి మాట ఎక్కడ ఎత్తకు." కొంచెం దూరం పోయాక, "అబద్ధం సంగతి ఆదివారం నేను దేవునితోని మాట్లాడుకుంట, నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

ఆ మధ్యాహ్నం మా బాపు కేబుల్ బిగించాడు. నేను పెడల్ దగ్గర కూర్చున్నాను. కేబుల్ కొసనున్న గుండును పెడల్ కొక్కెంలో పెట్టి, రబ్బరు తొడుగు దాని చోట కూర్చోబెట్టి, తాడు పరిచిన దారిలోనే కిందికి దింపి, గేర్‌బాక్స్ చేతికి తగిలించాడు. నట్టు తిప్పుతూ కింద నుంచి "నొక్కు", "ఇడువు" అంటుంటే నేను నొక్కి వదిలేవాణ్ణి. ముందురోజు లాగా తొందరపడలేదు. పెడల్ మీద వేలు పెట్టి, బిగువు తగిలేలోపల రెండు వేళ్లంత ఖాళీ ఉందో లేదో తానే వచ్చి చూసుకున్నాడు. ఇంజన్ వేసి గేరు వేస్తే చప్పుడు లేకుండా పడింది. ఈసారి పిల్లలను ఎక్కించలేదు. ఇసుక మూటలు వేసుకుని నన్ను ఒక్కణ్ణే కూర్చోబెట్టుకుని అదే గుట్ట ఎత్తు ఎక్కించాడు. బండి మెల్లగా, నిమ్మళంగా పైకి పోయింది. పైన ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఉండిపోయాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. పోలేదు.

మర్నాడు గుంపు మా వ్యానులోనే పోయింది. ఆ సీజన్ మొత్తం మా వ్యానులోనే పోయింది. మా ఇల్లు నిలబడింది. ఇంత వరకు సంతోషంగా చెప్పుకోవచ్చు.

తర్వాతిది చెప్పడానికే ఇన్నేళ్లు పట్టింది. జ్వరమని చెప్పి బజారు తిరిగిందన్న మాట గల్లీ అంతా పాకింది. ఆసామి దగ్గర ఏదో లోపాయికారీగా మాట్లాడుకోవడానికే పోయిందని ఒకరు, బంగారం కొనుక్కోవడానికి పోయిందని ఒకరు అన్నారు. మరుసటి ఏడు గుంపులో సగం మంది వేరే ఆమె వెనక పోయారు. ఆ వేరే ఆమె, బస్టాండులో ఎదురైన ఆమే. ఇంకో ఏడు గడిచేసరికి పెద్దమ్మ వెనక ఎవరూ మిగల్లేదు. ఆమె కూడా వెళ్లి ఆ గుంపులోనే కూలిగా చేరింది, ఎవరో చూపించిన సాలు పట్టింది. ఆ గుంపు కూడా మా వ్యానే ఎక్కేది. బాపు ముందు సీటు తలుపు తీసి నిలబడితే, పెద్దమ్మ చూడనట్టే వెనక్కి పోయి అందరి మధ్య కూర్చునేది. బాపు తలుపు మూసేవాడు. ఆ ఆడవాళ్ల కోపం తప్పని నేను అనను. వాళ్ల పొయ్యిలు నిజంగానే మండలేదు. వాళ్లు కోప్పడాల్సిన మనిషి మాత్రం ఆమె కాదు.

పెద్దవాణ్ణి అయ్యాక ఒకసారి బాపును అడిగాను. "ఆమెనే చెప్పద్దన్నది గదరా" అన్నాడు, నా వంక చూడకుండా. ఆ జవాబు నాకు కూడా పనికొచ్చింది. బాపు పోయాక ఎవరైనా పాత ముచ్చట తీస్తే నేనూ లోలోపల అదే అనుకునేవాణ్ణి. ఆమె అడిగింది ఒక్క సీజన్ కోసం. మేము దాన్ని జీవితాంతం వాడుకున్నాం. అడిగిన మాట నిలబెట్టుకుంటున్నామని మాకు మేము చెప్పుకున్నాం గాని, నిలబెట్టుకున్నది మా పరువును. పెద్దమ్మ తన నోటితో ఒక్కనాడూ ఎత్తలేదు. పండక్కి కేకు పంపేది, నా పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకునేది. ఎత్తి ఉంటే బాగుండేది.

ఈ మధ్య ఆమెను సమాధి చేసి వచ్చాక చర్చి ఆవరణలో చాయ్ ఇచ్చారు. పాత గుంపు ముసలివాళ్లు ఒక దగ్గర కూర్చున్నారు. అప్పుడు బస్టాండులో ఎదురైన ఆమె, ఇప్పుడు సగం నెరిసిన తలతో, కండ్లు తుడుచుకుంటూ అంది. "మంచి మనిషే. సాల్లు పంచుట్ల ఆమె అసొంటిది లేదు. గా ఒక్క దినం మాత్రం మమ్మల్ని ఆగం జేసింది." మిగతావాళ్లు తలలూపారు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిచాను. చాయ్ తాగి మూసుకున్నాను. మా బాపు నోటికి రాని మాట ఏదో, నా నోటికీ అదే రాలేదు.

ఇప్పుడు నాకు రెండు బండ్లు ఉన్నాయి. ఏ బండి మీదైనా కొంచెం అనుమానం ఉంటే, ఎక్కడానికి వచ్చినవాళ్ల ముందు నిలబడి "ఇయ్యాల నా బండి రాదు" అని చెబుతాను. తప్పు నా బండిదని కూడా చెబుతాను. కిరాయి పోతుంది, కొందరు తిడతారు, కొందరు మళ్లీ రారు. ఆ మాట అనడం ఆ ఒక్క రోజులో ఆమె దగ్గర నేర్చుకున్నాను. కొత్తవాళ్ల ముందు సులువుగా అనేస్తాను. ఆమె పేరు చెడిన చోట అనడానికి మాత్రం నాకు సగం జీవితం పట్టింది.

ఆ గుంపులో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లు చదవలేరు, వాళ్ల మనుమలూ మనుమరాళ్లూ చదువుతారు. ఇది వాళ్లకు చదివి వినిపించమని అడుగుతున్నాను. వినిపించే ముందే నేనూ వాళ్ల గడపలకు పోతాను. పోయి చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఇన్నేళ్లుగా నాలోపల మోస్తున్నది ఇంతే. ఆ రోజు ఆమెకు జ్వరం రాలేదు. మా బండి నడవలేదు.